చూసి రాయడం వేరు, దాచి రాయడం వేరు

ఈ నెల 'బడి సందేహాలు' శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు డిక్టేషన్ గురించే. దీర్ఘాలు, ఒత్తులు, శ-ష-సలు, ఇంగ్లిష్ స్పెల్లింగులు... బాధ ఒక్కటే, రూపాలు వేరు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాం.

ప్రశ్న: మా బాబు మూడో తరగతి. డిక్టేషన్‌లో తప్పుపోయిన ప్రతి పదాన్నీ పదిసార్లు రాసుకు రమ్మంటారు. 'విద్యార్థి' ఇప్పటికి ఎన్ని పదులు రాశాడో లెక్కలేదు. మళ్లీ డిక్టేషన్ పెడితే 'విధ్యార్ది' అనే రాస్తాడు. ఆడుతూ నేర్చుకునే దారి ఏదైనా ఉందా?
(ఓ తల్లి, తెనాలి)

ఈసారి బాబు ఆ పదిసార్లు రాసేటప్పుడు పక్కన కూర్చుని పెన్సిలు ఎటు నడుస్తుందో గమనించండి. చాలామంది పిల్లలు అడ్డంగా రాయరు, నిలువుగా రాస్తారు. ముందు పది వరసల్లోనూ పైనుంచి కిందికి 'వి'. తర్వాత పైకొచ్చి 'ద్యా', 'ద్యా', 'ద్యా'. ఆపైన 'ర్థి'. పేజీ నిండుతుంది గానీ 'విద్యార్థి' అనే పదాన్ని పిల్లవాడు ఒక్కసారి కూడా రాసినట్టు కాదు. అడ్డంగా రాసేవాళ్లదీ పెద్ద తేడా ఏమీ లేదు. పై వరస చూసి కింది వరసలో దించుతారు. రెండో వరసలో తప్పు దొర్లితే మిగతా ఎనిమిదింటిలోనూ అదే తప్పు.

పదం కళ్ల ముందు ఉన్నప్పుడు రాస్తే అది చూచిరాత. దస్తూరీకి మంచిదే, కాదనం. పదం గుర్తుండాలంటే మాత్రం అది కనబడనప్పుడు రాయాలి. ఈ ఒక్క షరతు తీరని ఆట ఎంత సరదాగా ఉన్నా స్పెల్లింగుకు పనికిరాదు. కింద చెప్పే ఆటలన్నీ ఈ షరతు మీదే నడుస్తాయి.

మడత కాగితంతో మొదలుపెట్టండి. లాంగ్ నోట్‌బుక్ పేజీని నిలువుగా నాలుగు గళ్లు వచ్చేలా మడవండి. మొదటి గడిలో ఐదు పదాలు మీరే గుండ్రంగా రాయండి, మూడో తరగతికి ఐదు చాలు. బాబు ఒక్కో పదాన్నీ చూసి, గట్టిగా పలికి, తనకు ఎక్కడ తప్పుతుందో ఆ అక్షరం ఒక్కదాన్నే ఎర్ర పెన్సిలుతో దిద్దాలి. తర్వాత ఆ గడిని వెనక్కి మడిచి రెండో గడిలో రాయాలి. మడత విప్పి, అక్షరానికి అక్షరం సరిపోల్చి, సరైన ప్రతి అక్షరం కిందా చుక్క పెట్టుకోవాలి. ఈ సరిచూడటం మీరు చేసేస్తే సగం లాభం పోయినట్టే. తప్పు ఎక్కడుందో వాడి కంటికి వాడే పట్టుకోవాలి. మూడో గడి మర్నాడు, నాలుగో గడి వారం తర్వాత. మూడు గళ్లలోనూ నిలబడిన పదాన్ని కత్తిరించి ఒక డబ్బాలో వేసుకోమనండి. డబ్బా బరువెక్కుతుంటే పిల్లలకు అదో గర్వం. రోజుకు పది నిమిషాలు మించొద్దు. తప్పు రాసిన రూపాన్ని అలాగే వదిలేయకుండా కొట్టేసి, పక్కనే సరైనది వెంటనే రాయించండి. పదేపదే కంటబడింది తప్పయినా సరే గుర్తుండిపోతుంది.

ఇక 'విద్యార్థి' సంగతి. ఇందులో తప్పే చోట్లు రెండే. 'విద్య'లో ఉన్నది మామూలు ద, దాని అడుగున గీత లేదు. 'అర్థి'లో ఉన్నది పొట్టలో చుక్క ఉన్న థ. పదాన్ని విద్య, అర్థి అని విడదీసి చూపించి, అర్థి కుటుంబాన్నంతా ఒకేసారి పరిచయం చేయండి: అర్థం, ప్రార్థన, అభ్యర్థి, శరణార్థి. సగం అనే మాటకు మాత్రం గీత ఉన్న ధ: అర్ధరాత్రి, అర్ధరూపాయి. ఒక్క చుక్కతో ఇన్ని పదాలు కుదుటపడతాయి.

ప్రశ్న: పాప రెండో తరగతి. 'కూర'ను 'కుర' అనీ, 'నేల'ను 'నెల' అనీ రాస్తోంది. గుణింతం మాత్రం గడగడా అప్పజెబుతుంది.
(ఓ పాఠకురాలు, వరంగల్)

గుణింతం అప్పజెప్పడంలో వరస గుర్తుంటుంది, విడిగా ఏ గుర్తు ఏ ధ్వనికో గుర్తుండదు. పాప 'కూ' దగ్గరికి రావాలంటే క, కా, కి, కీ మెట్లన్నీ ఎక్కి రావాల్సిందే. ముందు చెవికి పని చెప్పండి.

జంట పదాలు పది రాసి పెట్టుకోండి: నెల-నేల, మెడ-మేడ, కొన-కోన, విధి-వీధి, కలం-కాలం, వడ-వాడ... మీరు ఒక పదం అంటారు. పొట్టి అచ్చయితే పాప చేతులు కట్టుకోవాలి, దీర్ఘమైతే రెండు చేతులూ బార్లా చాపాలి. పది పదాలకు తొమ్మిది సరిగ్గా వచ్చాకే పలక పట్టించాలి. అప్పుడు చేతులతో చూపించిన వెంటనే పదం రాయాలి. ఇక్కడ పెద్దవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. డిక్టేషన్ చెప్పేటప్పుడు 'కూ...ర' అని సాగదీస్తారు. పాప ఆ సాగదీతను పట్టుకుని సరిగ్గా రాస్తుంది, బళ్లో టీచరు మామూలుగా 'కూర' అనేసరికి మళ్లీ తప్పు. మొదటి రెండు రోజులు సాగదీయండి, తర్వాత మాట్లాడే వేగానికి వచ్చేయండి.

గుర్తుల ఆకారం తడబడుతుంటే రవ్వ పళ్లెం బాగుంటుంది. అంచున్న పళ్లెంలో ముదురు రంగు కాగితం పరిచి, దానిమీద బొంబాయి రవ్వ పలుచగా, కాగితం కనబడీ కనబడనంతగా చల్లండి. మందంగా పోస్తే వేలు తీయగానే గీత పూడుకుపోతుంది. వేలితో రాస్తూ పదం పలకాలి, పళ్లెం కుదిపితే చెరిగిపోతుంది. చెరిపాక అదే పదాన్ని పలక మీద చూడకుండా రాయాలి.

పనిలో పనిగా 'వు' ఎలా రాస్తోందో చూడండి. వకు మామూలు కొమ్ము పక్కన తగిలిస్తే అది మ అయి కూర్చుంటుంది. అందుకే పు, ఫు, వులకు కొమ్మును కిందినుంచి తిప్పి రాస్తాం. 'ఆవు' రాయమంటే 'ఆమ' రాసిన పిల్లలకు స్పెల్లింగు రాక కాదు, ఈ మెలిక ఎవరూ చూపించక.

ప్రశ్న: నాలుగో తరగతికి తెలుగు చెబుతున్నాను. తరగతిలో నలభై మంది దాకా ఉంటారు. 'పద్మ'ను 'పమ్ద' అనీ, 'చెట్లు'ను 'చెటులు' అనీ రాస్తారు. ఇంతమందితో ఆటలంటే గోల తప్ప చదువు ఉంటుందా?
(ఓ ఉపాధ్యాయుడు, మదనపల్లె)

ఉంటుంది, ఆటకు కాస్త కట్టుదిట్టం చేస్తే. ముందు తప్పు ఎక్కడ పుడుతుందో చూద్దాం.

'పద్మ' అన్నప్పుడు నాలుక ముందు దకు తగులుతుంది, తర్వాత పెదాలు మకు కలుస్తాయి. ముందు పలికేది పైన, వెనక పలికేది కింద. ఈ ఒక్క సూత్రం పిల్లల చేత చేయించి చూపించాలి. 'పద్...' అని ఆపమనండి. ఆగిన చోట నోట్లో ఏ అక్షరం ఉంది? అది పైన. ఆ తర్వాత ఏది వచ్చింది? అది ఒత్తు. 'రాత్...రి', 'సూర్...య', 'పుస్...తకం' ఇలా వారం రోజులు రోజుకు ఐదు పదాలు ఆపి పలికిస్తే తారుమారు రాయడం చాలావరకు పోతుంది. సూత్రానికి లొంగని పదాలు కొన్ని ఉన్నాయి. బ్రహ్మ, చిహ్నం, మధ్యాహ్నం: వీటిలో హ పైన ఉన్నా మనం దాన్ని వెనక పలుకుతాం. జ్ఞానం, జ్ఞాపకం కూడా చెవితో తేలవు. వీటిని వేరే చార్టు మీద రాసి గోడకు పెట్టండి, సూత్రంతో కలపొద్దు.

'చెట్లు'లో చిక్కు వేరు. చెవికి వినిపించే వరస ట్, ల్, ఉ. చేతితో రాసే వరస ట, దానికి కొమ్ము, ఆ కింద ల ఒత్తు. ఉ చివర వినిపించినా కొమ్ము మాత్రం పై అక్షరానికే. దీన్ని నోటితో ఎంత చెప్పినా పిల్లలకు ఎక్కదు, చేత్తో పెట్టి చూడాలి. నాలుగు అంగుళాల అట్టముక్కల మీద క, గ, త, ద, ప, స లాంటి అక్షరాలను తలకట్టు లేకుండా రాయండి. పారదర్శకంగా ఉండే ఫైలు కవరును అదే కొలతకు ముక్కలు చేసి, ఒక్కో ముక్క మీద ఒక్కో గుర్తు, సరిగ్గా అట్ట మీద కుదిరే చోట, పర్మనెంట్ మార్కరుతో రాయండి (బోర్డు పెన్ను అయితే చేతులు తగిలి చెరిగిపోతుంది). తలకట్టు ఒక ముక్క, గుడి ఒకటి, కొమ్ము ఒకటి, ల ఒత్తు ఒకటి, ర ఒత్తు ఒకటి. త అట్ట మీద ర ఒత్తు పేర్చి, దాని మీద గుడి పెడితే త్రి. గుడి పెట్టాలంటే తలకట్టు ముక్క తీసేయాలన్న సంగతి కూడా చేతికే తెలిసిపోతుంది. ట, బ, జ, ణ, ల, ఖలకు తలకట్టు ఉండదు కాబట్టి అవి ఉన్నవి ఉన్నట్టే. పేర్చి చూశాక ముక్కలు తీసేసి పలక మీద రాయడం మరచిపోవద్దు.

ఒత్తుల్లో చాలామటుకు అక్షరాన్నే పోలి ఉంటాయి. త, న, మ, య, ర, ల ఒత్తులు మాత్రం అసలు అక్షరానికి చుట్టం కూడా కానట్టుంటాయి. మొదట ఈ ఆరూ అత్త, అన్న, అమ్మ, నెయ్యి, కర్ర, పిల్ల అనే ద్విత్వాలతోనే దిట్టం చేయించి, ఆ తర్వాతే సంయుక్తాలకు వెళ్లండి. రెండూ కలిపి నేర్పితే రెండూ చెడతాయి.

ఇక తరగతి గోల. నలభై మందికీ ఒకేసారి పని ఉండే ఆట 'చూపించు పలక'. మీరు పదాన్ని రెండుసార్లు చెబుతారు. పిల్లలు రాసి పలకను బోర్లించాలి. అందరివీ బోర్లాపడ్డాక 'చూపించు' అంటే ఒక్కసారే ఎత్తాలి. బోర్లించే నియమం లేకపోతే ముందు ఎత్తినవాడి పలక చూసి వెనకవాళ్లు దిద్దేసుకుంటారు. తప్పు రాసినవాళ్ల పేర్లు పిలవకండి. ఎక్కువమందికి తప్పిన అక్షరం ఒక్కటే నల్లబల్ల మీద పెద్దదిగా రాసి, అందరి చేతా పలక తుడిపించి మళ్లీ అదే పదం చెప్పండి. పది నిమిషాల్లో ఎనిమిది పదాలు అవుతాయి.

వారానికోసారి రిలే పెట్టండి. జట్టుకు ఆరుగురు, నల్లబల్లను జట్లకు పంచాలి. పదం చెప్పగానే ఒక్కొక్కరు వచ్చి ఒక్క అక్షరమే రాసి సుద్దముక్క వెనకవాడికి ఇవ్వాలి. వచ్చినవాడికి ముందు అక్షరం తప్పనిపిస్తే, తన అక్షరం రాయకుండా దాన్ని దిద్ది వెళ్లవచ్చు. ఈ వెసులుబాటు వల్లే ప్రతివాడూ పదాన్ని మొదటినుంచీ చదువుతాడు. బాగా వచ్చిన పిల్లను జట్టు చివర నిలబెడితే అందరి తప్పులూ ఆమే దిద్దుతుంది, మిగతావాళ్లు నిశ్చింతగా ఉంటారు. అందుకే ప్రతి పదానికీ మొదటివాడు మారాలి. వేగానికి మార్కులు ఇవ్వొద్దు.

ప్రశ్న: మా ఇంట్లో మేమే 'సనివారం', 'వెల్లాడు' అంటాం. పిల్లలు శ-ష-స, ల-ళ, న-ణ తేడా ఎలా రాస్తారు?
(ఓ తండ్రి, హైదరాబాద్)

నిజాయతీగా చెప్పారు. చాలా ఇళ్లలో ఈ తేడాలు నోట పలకవు. అందుకని 'సరిగ్గా వినిరాయి' అని పిల్లల్ని కసరడంలో అర్థం లేదు. చెవి చెప్పనిది కన్ను, సూత్రం చెప్పాలి. అదృష్టం కొద్దీ ఈ చోట తెలుగులో గట్టి సూత్రాలే ఉన్నాయి.

జంట అక్షరాల్లో చూడండి. చకు తోడు వచ్చేది శ: ఆశ్చర్యం, నిశ్చయం, పశ్చిమ. ట, ఠ, ణలకు తోడు ష: కష్టం, ఇష్టం, ఉష్ణం, కృష్ణ. త, థలకు తోడు స: పుస్తకం, హస్తం, వస్తువు, స్థలం. నాలుక ఏ చోట తగిలితే ఆ చోటి సకారమే వస్తుంది. బస్టాండు, స్టేషను, పోస్టు లాంటి ఇంగ్లిష్ మాటలు ఈ లెక్కలోకి రావు, పిల్లలు అడిగితే అదే చెప్పండి.

మాట మొదట్లో ణ, ళ రావు. ముందు ర గానీ ష గానీ వట్రుసుడి గానీ ఉన్న సంస్కృత పదాల్లో ణ తరచుగా కనిపిస్తుంది: కారణం, మరణం, పురాణం, గ్రహణం, భూషణం, తృణం. మధ్యలో చ, త, శ వర్గాల అక్షరం అడ్డుపడితే న గానే ఉండిపోతుంది: రచన, ప్రార్థన, దర్శనం.

బహువచనాల్లో ళ్లు ఎక్కడిదో కూడా తేలిగ్గా పట్టుకోవచ్చు. డి, రు, లు, ల్లులతో ముగిసే చాలా మాటలు బహువచనంలో ళ్లు అవుతాయి: బడి-బళ్లు, కోడి-కోళ్లు, ఊరు-ఊళ్లు, కాలు-కాళ్లు, ఇల్లు-ఇళ్లు. పిల్ల, బల్ల, కల అలా కాదు, వాటికి ఊరికే లు చేరుతుంది. ఇక 'పెళ్లి'నా 'పెళ్ళి'నా అని గొడవ పడొద్దు. రెండూ అచ్చులో ఉన్నవే. పాఠ్యపుస్తకంలో ఏది ఉంటే పిల్లల్ని అదే రాయనివ్వండి.

ఆట కావాలంటే, పాత పెళ్లికార్డుల వెనకవైపు పనికొస్తుంది. ముప్పై ముక్కలు కత్తిరించి ఒక్కో పదంలో సకారం చోట ఖాళీ వదిలి రాయండి: పు_తకం, క_టం, ఆ_చర్యం (ఒత్తు మాత్రం ఉంచండి). మూడు అట్టపెట్టెల మీద శ, ష, స. ముక్క తీసి పెట్టెలో వేసి, వేసిన వెంటనే మొత్తం పదాన్ని కాగితం మీద రాయాలి. రాయకపోతే ఇది మూడింట ఒకటి తగిలే లాటరీ అయిపోతుంది. ఆదివారం పేపరు చేతికిచ్చి 'ష్ట' ఉన్న పదాలు ఐదు నిమిషాల్లో ఎన్ని దొరుకుతాయో వెతకమన్నా సరే, చివర పేపరు మడిచేసి వాటిలో ఐదైనా రాయాలి.

ప్రశ్న: ఇంగ్లిష్ స్పెల్లింగులు పాడినట్టు అప్పజెబుతాడు, రాయమంటే అక్షరాలు ఎగిరిపోతాయి. నాలుగో తరగతి.
(ఓ పాఠకురాలు, కరీంనగర్)

రాగం కట్టి చెప్పేది నోటికి వస్తుంది, చేతికి రాదు. 'బి-ఇ-ఎ-యు-టి...' అని పాట అందుకున్నాక ఆపి, 'యు తర్వాత ఏది?' అని అడిగి చూడండి. మళ్లీ మొదటినుంచి పాడితే తప్ప చెప్పలేడు. అందుకని రోజూ మధ్యలోంచి అడగండి: నాలుగోది ఏది, చివరి మూడూ ఏవి, వెనకనుంచి చెప్పు. అప్పుడు పదం కళ్లముందు బొమ్మ కడుతుంది.

పదాల జాబితాను మూడు కుప్పలు చేయించండి. విన్నట్టు రాసేవి ఒకటి. ఒకే తోకతో నడిచేవి రెండోది: నైట్, లైట్, రైట్, ఫైట్, అన్నిటికీ ఐ-జి-హెచ్-టి తోక. మొండివి మూడోది: ఫ్రెండ్, సెడ్, వెన్స్‌డే. మొదటి కుప్పకు సాధన అక్కర్లేదు. రెండో కుప్పను తోక రాసిన ఒకే అట్ట మీద ముందు అక్షరం మారుస్తూ ఆడొచ్చు. సమయమంతా మూడో కుప్పకే ఇవ్వండి. ఆ మొండి పదాలను ఇంట్లో కావాలనే రాసినట్టు పలకండి: 'వెడ్-నెస్-డే', 'ఫ్రై-ఎండ్'. నవ్వు వస్తుంది, రాసేటప్పుడు చేయి తప్పదు. వాడుకలో ఎలా పలకాలో మాత్రం పక్కనే చెప్పాలి.

మన పిల్లలకే ప్రత్యేకమైన చిక్కులూ ఉన్నాయి. మనకు వ ఒక్కటే కాబట్టి వి, డబ్ల్యూ కలగలుస్తాయి. జూ, జీరోలకు జెడ్ బదులు జె పడుతుంది. వీటికి చెవి సాయం చేయదు, గుంపులుగా గుర్తుంచుకోవాలి. వాట్, వెన్, వేర్, వై, హూ: హౌ ఒక్కటి తప్ప ప్రశ్న మాటలన్నీ డబ్ల్యూ-హెచ్‌తోనే మొదలవుతాయి.

హ్యాంగ్‌మ్యాన్ ఆట (ఒకరు దాచిన పదాన్ని ఇంకొకరు అక్షరం అక్షరంగా ఊహించేది) గురించి చాలామంది అడుగుతారు. ఊహించేవాడికి అందులో పెద్ద సాధన లేదు, ఎ, ఇ, ఐ అని బాణాలు వేస్తుంటాడు. గీతలు గీసి పదం పెట్టేవాడికి మాత్రం ప్రతి అక్షరం స్థానం కచ్చితంగా తెలియాలి. కాబట్టి పదం పెట్టే పని ఎప్పుడూ పిల్లవాడికే ఇచ్చి, మీరు ఊహించండి.

ప్రశ్న: పాపకు ఇంగ్లిష్ స్పెల్లింగ్ బీ (స్పెల్లింగులు చెప్పే పోటీ) అంటే ప్రాణం. తెలుగు మాట్లాడుతుంది, రాయమంటే మొహం తిప్పుకుంటుంది. ఫోన్‌లో ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే తెలుగు వచ్చేస్తోందిగా అంటుంది.
(ఓ తల్లి, డాలస్)

ఫోన్ ఇచ్చే జాబితాలోంచి ఏరుకోవడం గుర్తుపట్టడమే, రాయడం కాదు. పాపకు ఇష్టమైన ఆటనే తెలుగులోకి తెచ్చేయండి. అమెరికాలో జాతీయ స్పెల్లింగ్ బీ 1925లో మొదలైంది. తెలుగువారైన చిట్టూరి రత్నం 1989లో స్థాపించిన నార్త్ సౌత్ ఫౌండేషన్ పోటీలు అక్కడి భారతీయ కుటుంబాలకు సుపరిచితమే. ఆ పోటీల్లో పిల్లలు పదం అర్థం, అది పుట్టిన భాష, వాక్యంలో వాడుక అడిగి తెలుసుకోవచ్చు. తెలుగు బీలోనూ ఆ హక్కు ఇవ్వండి. 'ఇది సంస్కృతం నుంచి వచ్చిందా?' అని అడిగి, అవునంటే ఒత్తక్షరాలు, శ-షలు ఉండవచ్చని తనే జాగ్రత్తపడుతుంది.

తెలుగు స్పెల్లింగు నోటితో చెప్పే పద్ధతి మన బళ్లలో ఉన్నదే: 'రకు దీర్ఘమిస్తే రా, తకు ర ఒత్తు, గుడి ఇస్తే త్రి, రాత్రి.' మొదట మైకు పట్టుకున్నట్టు ఇలా చెప్పాలి, తర్వాత తెల్లబోర్డు మీద రాయాలి. అక్కడ పెరిగే పిల్లలకు త-ట తేడా ముందు చెవిలో కుదరాలి కాబట్టి మొదటి రౌండు పాట-పాత, కోట-కోత, మాట-మాత, అట్ట-అత్త జంటలతో పెట్టండి. పదానికి బొమ్మ గీసి చూపిస్తే ఏది విన్నదో మీకు తెలిసిపోతుంది. వారానికి పన్నెండు పదాలు చాలు.

ప్రశ్న: బాబుకు తొమ్మిదేళ్లు. మాటకారి, లెక్కలు నోటితో చేసేస్తాడు. ఒకే పేజీలో ఒకే పదాన్ని మూడు రకాలుగా రాస్తాడు, చదవడం చాలా నెమ్మది. ఆటలూ పనిచేయలేదు.
(ఓ తండ్రి, అనంతపురం)

ఏడేళ్ల లోపు పిల్లలు అక్షరాలు తిరగేసి రాయడం మామూలే. తొమ్మిదేళ్లకూ మీరు రాసిన లక్షణాలన్నీ కలిసి ఉంటే దాన్ని బద్ధకం కింద కొట్టిపారేయకండి. ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. అవి బాగుంటే పిల్లల మానసిక నిపుణుల దగ్గర అభ్యసన వైకల్యం పరీక్ష చేయించాలి. జిల్లా ఆసుపత్రుల్లోని డీఈఐసీ (పిల్లల ఎదుగుదల లోపాలను తొలిదశలోనే గుర్తించే) కేంద్రాల్లో అడిగితే దారి చెబుతారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఇదీ ఒకటి. ధ్రువపత్రం ఉంటే పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు లాంటి వెసులుబాట్లకు బడి ద్వారా దరఖాస్తు చేసుకోవచ్చు.

ఈలోగా రోజుకు రెండే పదాలు. పెద్ద అక్షరం మీద వేలు నడుపుతూ పలకడం, కళ్లు మూసుకుని గాలిలో రాయడం, ఆపైన కాగితం. అందరి ముందూ చదివించడం, ఎర్ర సిరాతో పేజీ నింపడం ఆపమని టీచరుతో మాట్లాడండి.

ప్రశ్న: సెలవులకు మనవలు వస్తున్నారు. ఒకడు రెండు, ఇంకొకామె ఐదో తరగతి. ఇద్దరికీ కలిపి ఆడించేది ఏదైనా చెప్పండి. ఇంట్లో అష్టాచెమ్మా గవ్వలున్నాయి.
(ఓ తాతగారు, అమలాపురం)

ఇంకేం కావాలి! పందెం ఎంత పడితే అన్ని అక్షరాల పదం చూడకుండా రాస్తేనే కాయ కదలాలి. ఒకటి పడితే స్త్రీ, ఈ, పూ లాంటివి. రెండుకు అమ్మ, మూడుకు పుస్తకం, చెమ్మా పడితే విద్యార్థులు వంటి నాలుగక్షరాల మాట. అష్టా అయితే నాలుగక్షరాల మాటలు రెండు. ఒత్తు ఎన్ని ఉన్నా అక్షరం ఒక్కటే లెక్క, ఈ మాట ముందే తేల్చండి, లేకపోతే తగవు. చిన్నవాడికి ఒత్తు లేని పదాలూ చెల్లుతాయి, పెద్దామె పదంలో ఒక్క ఒత్తయినా ఉండాలి. ఒకసారి రాసిన మాట ఆ ఆటలో మళ్లీ పనికిరాదు. తప్పు పడితే కాయ కదలదు గానీ, సరైన రూపం రాసి చూపిస్తే తర్వాతి పందెం పోదు. సరిచూడటానికి నిఘంటువు పక్కన పెట్టుకోండి, తాతగారి మాటే చివరిది అంటే ఐదో తరగతి ఆమె ఒప్పుకోదు. గవ్వలు తక్కువైతే చింతపిక్కలు ఒకవైపు తెల్లగా అరగదీసుకోండి.